పన్నెండు డబ్బాలు, నలభై రెండు కడుపులు

సోమవారం ఉదయం పదిన్నరకు డాక్టర్ సైజామి మా ఇంటి మెట్లు దిగి వచ్చింది.

మా వెంగ్‌లో అంటే మా పేటలో ఇళ్ళన్నీ రోడ్డుకి కింద, కొండవాలుకి వేలాడుతుంటాయి. మా ఇంటికి డెబ్భై రెండు మెట్లు. ఐజ్వాల్‌లో పెద్దాసుపత్రి డాక్టరు అన్ని మెట్లు దిగి, రిటైరై నాలుగేళ్ళయిన ఒక కాంపౌండర్ దగ్గరికి వచ్చిందంటే అది ఊరికే వచ్చిన రాక కాదు.

ఆమె చేతిలోని కార్డును తలుపు దగ్గరే గుర్తుపట్టాను. పసుపు అట్ట. పధ్నాలుగు గళ్ళు. పధ్నాలుగింటిలోనూ టిక్కులు.

ఆ టిక్కులు నావి.

"పు రొడింగ, ఐదు నిమిషాలు చాలు," అంది. పు అంటే మా భాషలో అయ్యగారు, పి అంటే అమ్మగారు. మా ఆవిడ ఎర్ర టీ తెచ్చి పెట్టింది. డాక్టర్ కూర్చోలేదు. టీ కూడా ముట్టుకోలేదు.

"ఈ కార్డు పి దార్కుంగిది. మూడేళ్ళ కిందటిది. రాసింది మీరేగా?"

"నేనే."

"పధ్నాలుగు రోజులూ ఆవిడ మందు మింగడం మీరు దగ్గరుండి చూశారా?"

నేను కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నాను. ఆమె దాన్ని ముసలితనం అనుకుంది కాబోలు, నింపాదిగా వివరించింది.

దార్కుంగి కడుపులో పుండు ఉంది. బొటనవేలి గోరంత. మూడు నెలలుగా మానడం లేదు. గొట్టం వేసి చిన్న ముక్క గిల్లి తీశారు. ఆ ముక్కను పసుపు జిగురులో పెడతారు. కడుపులో పుండు పుట్టించే క్రిమి అందులో ఉంటే జిగురు గులాబీ రంగుకి మారుతుంది. దార్కుంగి ముక్కని రోజంతా ఉంచారు. జిగురు పసుపుగానే ఉండిపోయింది. ఇంకో ముక్క సూక్ష్మదర్శిని కిందికి వెళ్ళింది. అక్కడ కణాలు చూడ్డానికి బాగాలేవు. కేన్సరని తేల్చలేదు, కాదనీ చెప్పలేదు.

"కోత డాక్టరుగారు గురువారం తొమ్మిదింటికి టైమిచ్చారు," అంది సైజామి. "కడుపు మూడొంతుల్లో రెండొంతులు తీసేస్తారు. ఆయన మాటలో తప్పేం లేదు. పూర్తి కోర్సు వాడింది, క్రిమి చచ్చింది, అయినా పుండు మానలేదు, కణాలు బాగాలేవు. మన వాళ్ళ కడుపుల సంగతి మీకు నేను చెప్పాలా."

"అక్కర్లేదు." ముప్పై అయిదేళ్ళు మందులిచ్చాను. ఎన్ని కడుపులు, ఎన్ని సమాధులు చూశానో.

"కానీ ఆవిడ మందు సరిగ్గా వాడలేదనుకోండి. అప్పుడు కథ వేరు. క్రిమి ఇంకా లోపలే ఉండొచ్చు. క్రిమి పెట్టే మంటకి కూడా కణాలు అలాగే కంగాళీగా కనపడతాయి. అప్పుడు కత్తి అక్కర్లేదు, మందు చాలు. అందుకే వచ్చాను. ఆవిడేమో అన్నీ మింగానంటుంది. రోగులు అందరూ అలాగే అంటారు. మీరు ఉపా. మీ మాట మీద నేను నమ్మకం పెట్టుకోవచ్చు."

ఉపా అంటే చర్చి పెద్ద. పదకొండేళ్ళుగా నా పేరు ముందు ఆ మాట ఉంది.

"చూశాను," అన్నాను.

ఒక్క మాట. ఆమె తలూపి, కార్డు సంచిలో పెట్టుకుని, డెబ్భై రెండు మెట్లూ ఎక్కి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది.

*

మూడేళ్ళ కింద ఏం జరిగిందో చెప్పాలి.

అప్పట్లో కడుపు పుండ్ల పరీక్షలని ఆసుపత్రి వాళ్ళు వెంగ్ వెంగ్ తిరిగారు. చర్చి హాల్లో అందరిచేతా సంచీల్లోకి ఊదించారు. ఊపిరిని బట్టి కడుపులో క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. మా వెంగ్‌లో నలభై రెండు మందికి ఉందని తేలింది. అందులో నేనూ ఉన్నాను.

మందు డబ్బాలు మాత్రం పన్నెండే వచ్చాయి. డబ్బాకి పధ్నాలుగు రోజుల మందు. ఉదయం సాయంత్రం రెండు రకాల యాంటీబయాటిక్, ఒక యాసిడ్ తగ్గించే బిళ్ళ. ముందు పుండు ఉన్న పన్నెండు మందికి ఇమ్మన్నారు. మిగతావి వానలు తగ్గాక పంపిస్తామన్నారు. ఎవరికివ్వాలో పేర్లు కూడా రాసి పంపారు. ఇచ్చే బాధ్యత నాది. ఎందుకంటే నేను పాత కాంపౌండర్ని, పైగా ఉపాని.

పేర్లు చదవడానికి హాల్లో నిలబడ్డాను. మిగతా నలభై ఒక్కరూ వచ్చి కూర్చున్నారు.

మా భాషలో ఒక మాట ఉంది, త్లోమ్‌ంగైనా అని. నీ సంగతి తర్వాత, పక్కింటి వాడి సంగతి ముందు అని దాని సారం. పిల్లలకి అన్నంతో పాటు అది కూడా తినిపిస్తాం. ఆకలిగా ఉన్నా ముందు చెయ్యి చాపకూడదు. నొప్పి పుట్టినా ముందు నోరు తెరవకూడదు.

పన్నెండు పేర్లూ చదివి డబ్బాలు చేతికిచ్చేసరికి థన్‌చుంగా లేచాడు. చర్చిలో డోలు వాయించేవాడు, వెంగ్ సంఘానికి అధ్యక్షుడు.

"ఉపా, పందిని కోస్తే పన్నెండిళ్ళకేనా పంచేది?" అన్నాడు.

హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

"ఇది మాంసం కాదు థన్‌చుంగా, మందు."

"మరీ మంచిది. మాంసం లేకపోయినా బతుకుతాం."

అప్పుడు లేచింది దార్కుంగి. పన్నెండు మందిలో మొదటి పేరు ఆమెదే. అందరికన్నా పెద్ద పుండు ఆమెదే. తన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "నాది కూడా ఇందులో కలుపు. నేనొక్కదాన్నే మింగి కూర్చుంటే రేపు వీళ్ళ మొహాలెట్టా చూసేది?"

ఆమె పెట్టాక మిగతావాళ్ళు ఎందుకు పెట్టరు? చూస్తుండగానే పన్నెండు డబ్బాలూ బల్ల మీదికి తిరిగొచ్చాయి.

వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. మందు సగంలో ఆపితే బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి, ఆ మొండివే పెరుగుతాయి. ఆ ముక్క నేను ఎందరికి చెప్పి ఉంటానో. ఆ రోజు హాల్లో ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే ముప్పై మందికి లేదు పొమ్మన్నవాణ్ణి అవుతాను. నలభై ఒక్క జతల కళ్ళు నన్నే చూస్తున్నాయి.

కాగితం మీద లెక్క వేశాను. పన్నెండు డబ్బాలు, పధ్నాలుగు రోజులు, మొత్తం నూట అరవై ఎనిమిది రోజుల మందు. నలభై రెండు మందికి పంచితే మనిషికి సరిగ్గా నాలుగు రోజులు. శేషం సున్నా. దేవుడి గుర్తు అనుకున్నాను. లెక్క కుదిరితే చేసే పని కూడా సరైందే అనిపిస్తుంది మనిషికి.

పంచేశాను. నా వాటా నేనూ తీసుకున్నాను.

తర్వాత పన్నెండు కార్డులు ఆసుపత్రికి తిరిగి పంపాలి. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని టిక్కులు పెట్టాను. నూట అరవై ఎనిమిది. మొదటి కార్డు నాలుగో గడి దగ్గర ఆగిపోయాను. అన్నీ ఒకే సిరా, ఒకే ఒత్తు. పధ్నాలుగు రోజులు రోజూ పెట్టిన టిక్కుల్లా లేవు. లోపలికెళ్ళి నల్ల పెన్ను కూడా తెచ్చుకున్నాను. నాలుగు నీలం, రెండు నలుపు, మళ్ళీ మూడు నీలం.

పంచడం జాలితో చేశానని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకోగలను. నా సిగ్గంతా ఆ రెండో పెన్నులో ఉంది.

నెల రోజులు అందరికీ మంట తగ్గింది. వెంగ్ మైకులో నా పేరు చదివారు. "ఊరందరికీ సమానంగా పంచిన చెయ్యి" అన్నారు. సంఘం తరఫున థన్‌చుంగా నాకు మా నేత బట్ట పువాన్‌తో చేసిన నల్లంచు శాలువా కప్పాడు. కప్పించుకున్నాను.

రెండో విడత డబ్బాలు ఆ వానల తర్వాత రాలేదు, ఆ పై వానల తర్వాతా రాలేదు. మంటలు మాత్రం తిరిగొచ్చాయి. చర్చి అయ్యాక ఒక్కొక్కరే నా పక్కకి చేరేవాళ్ళు. "ఉపా, మళ్ళీ మొదలైంది." నేను యాసిడ్ తగ్గించే బిళ్ళలు కొని, రేకులోంచి ఒలిచి, కాగితం పొట్లాల్లో కట్టి జేబుల్లో పెట్టేవాణ్ణి. అందరికన్నా ఎక్కువ పొట్లాలు దార్కుంగికే వెళ్ళాయి. మూడేళ్ళుగా.

*

మంగళవారం ఆసుపత్రికి వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. దార్కుంగి దిండుకి ఆనుకుని నన్ను చూసి నవ్వింది. అరవై రెండేళ్ళది. నాకన్నా రెండేళ్ళు చిన్న. ఇద్దరం ఒకే వాలు మీద జారుతూ పెరిగాం.

"తలుపు దగ్గరగా వెయ్యి, ఉపా. నర్సు చూస్తే చంపుద్ది," అంటూ దుప్పటి కిందనుంచి చిన్న సీసా తీసింది. తుయిబుర్. పొగాకు పొగ పట్టించిన నీళ్ళు. ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గన పట్టి, గిన్నెలో ఉమ్మింది.

"గురువారం కడుపు కోస్తారంటే ఇదొకటా?"

"గురువారం దాకా కడుపు నాదేగా."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమే మొదలుపెట్టింది.

"డాక్టరమ్మ నీ దగ్గరికొచ్చిందటగా. భయపడకు. నేను పధ్నాలుగు రోజులూ మింగానని చెప్పేశా. కార్డులో ఏముందో నోట్లో అదే ఉంది. ఎన్నిసార్లు తిప్పి అడిగినా అదే."

"దార్కుంగీ."

"ఇంకోటి అడిగింది. గొట్టం వెయ్యడానికి ముందు రెండు వారాలు మంట బిళ్ళలు ఆపారా అని. ఆపానన్నా."

స్టూలు ముందుకి జరిపాను. "ఆపావా?"

"షాపు బిళ్ళలు ఎప్పుడో ఆపేశా. నువ్విచ్చేవి ఆపలా. అవి షాపువి కావుగా, నీ చేతివి." దిండు గలీబులో చెయ్యి పెట్టి కాగితం పొట్లం బయటికి తీసి చూపించింది. నేను కట్టిన పొట్లం. పాత చర్చి పత్రిక కాగితం. "నిన్న పొద్దున కూడా వేసుకున్నా. అవి లేకపోతే నిద్రెక్కడ?"

అయిపోయింది. పసుపు జిగురు పసుపుగా ఎందుకు ఉండిపోయిందో నాకు తెలిసిపోయింది. ఆ బిళ్ళలు వాడే కడుపులో క్రిమి చావదు. నీరసించి దాక్కుంటుంది. పరీక్షకి దొరకదు. అందుకే రెండు వారాలు ఆపమంటారు.

అంటే మందు సంగతి అబద్ధం. పరీక్ష సంగతీ అబద్ధం. రెండూ నా చేతి మీదుగా వెళ్ళినవే. ఆ రెండు అబద్ధాల మీద గురువారం తొమ్మిదింటికి కత్తి దిగుతుంది.

"డాక్టరమ్మకి చెప్పెయ్యి," అన్నాను. "నాలుగు రోజులే మింగానని చెప్పు. ఈ బిళ్ళల సంగతి కూడా చెప్పు."

ఆమె నన్ను వింతగా చూసింది. "చెప్తే? మిగతా పది రోజులేమయ్యాయి అంటది. కార్డులో టిక్కులెవరివి అంటది. పదకొండేళ్ళ ఉపావి. నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"కోసేది నీ కడుపు."

"మొత్తం తియ్యట్లేదుగా. కాస్త మిగులుద్ది. తక్కువ తింటా. మా పిల్ల జిర్సాంగికి బియ్యం కలిసొస్తాయి." నవ్వింది. నవ్వు మధ్యలో పొట్ట పట్టుకుంది. "ఆ డబ్బా బల్ల మీద మొదట పెట్టింది నేను. నీ మీదికి తోసేసి నేను మంచిదాన్ని అవ్వనా? పో. రేపు ప్రార్థనకి రా. బాగా చెయ్యి, పొడుగ్గా చెయ్యకు."

సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. ఆమె చెప్పనని అన్నప్పుడు నాకు మొదట కలిగింది బాధ కాదు. ఊరట. వార్డు దాటి, వరండా దాటి, గేటు దగ్గరికి వచ్చేదాకా ఆ ఊరట నాతోనే నడిచింది. గేటు దగ్గర దాన్ని గుర్తుపట్టాను.

*

బుధవారం ఉదయం మైకు మోగింది. మా వెంగ్‌లో చావైనా, పెళ్ళైనా, నీళ్ళ ట్యాంకరైనా ముందు మైకుకే తెలుస్తుంది.

"పి దార్కుంగికి రేపు ఉదయం ఆపరేషన్. ఈ రోజు మూడు గంటలకు ఆసుపత్రిలో ప్రార్థన. ఉపా రొడింగ ప్రార్థన నడిపిస్తారు."

మూడు గంటలకి వార్డు నిండిపోయింది. పాతిక మంది దాకా ఉన్నారు. మంచాల మధ్య సందుల్లో నిలబడ్డారు. పక్క మంచాల రోగులు కాళ్ళు ముడుచుకుని చోటిచ్చారు. దార్కుంగి కూతురు జిర్సాంగి వరండాలో గోడకి ఆపరేషన్ అంగీకార కాగితం ఆనించి సంతకం పెడుతోంది. స్కూలు టీచరు. సంతకం పొందిగ్గా పెట్టే మనిషి. ఆ రోజు సంతకం గీత దాటి పోయింది.

నన్ను చూసి దగ్గరకొచ్చింది. "పు రొడింగ, అప్పుడు నేను వేరే ఊరి బళ్ళో ఉన్నా, ఆ పధ్నాలుగు రోజులూ మీరు వెంటపడి మింగించారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి ఏమయ్యేదో. అమ్మ ఎప్పుడూ అంటూ ఉంటుంది."

నేను వార్డు తలుపు వైపు నడిచాను. ఆమె కాగితం మడిచి చేతిలో పట్టుకుని నాతో పాటు లోపలికి వచ్చింది.

డాక్టర్ సైజామి కాళ్ళవైపు గోడకి ఆనుకుని నిలబడింది. థన్‌చుంగా పాట ఎత్తుకున్నాడు. డోలు లేదు కాబట్టి తొడ మీద చేత్తో తాళం వేశాడు. రెండు చరణాలు అయ్యాయి. అందరూ తలలు వంచారు.

"ఉపా," అన్నాడు థన్‌చుంగా మెల్లగా.

కళ్ళు మూసుకున్నాను. నోరు తెరిచాను. ముప్పై ఏళ్ళుగా అలవాటైన మొదటి మాటలు రాలేదు.

"కళ్ళు తెరవండి," అన్నాను. "ఇది ప్రార్థన కాదు."

తలలు లేచాయి.

"డాక్టర్ గారూ, పి దార్కుంగి మందు నాలుగు రోజులే మింగింది. పన్నెండు డబ్బాలు నలభై రెండు మందికి పంచాను. కార్డుల్లో టిక్కులు నేను ఒక్కరోజులో కూర్చుని పెట్టాను. సోమవారం మీరడిగితే చూశానని అబద్ధమాడాను."

థన్‌చుంగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఉపా, ఇప్పుడెందుకవన్నీ. ప్రార్థన కానివ్వు. తర్వాత మాట్లాడుకుందాం, మనం మనం."

"తర్వాత అంటే గురువారం అయిపోద్ది థన్‌చుంగా."

"డాక్టరమ్మా, ఆయనకి ఒంట్లో బాలేదు," అంది మంచం మీంచి దార్కుంగి. "నిన్న కూడా ఏదేదో మాట్లాడాడు. నేను పధ్నాలుగూ మింగా."

ఆమె మాట ముగియకముందే దిండు గలీబులో చెయ్యి పెట్టాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. నేను వదిలించుకుని, పొట్లం తీసి డాక్టర్ చేతిలో పెట్టాను.

"ఇవి యాసిడ్ బిళ్ళలు. మూడేళ్ళుగా నేనే ఇస్తున్నాను. పరీక్షకి ముందు కూడా ఆపలేదు. ఇవి ఆ బిళ్ళలే అని ఆవిడకి తెలీదు. నేను చెప్పలేదు."

సైజామి పొట్లం విప్పి ఒక బిళ్ళ తీసి వెలుగుకి పట్టి చూసింది. తర్వాత సంచిలోంచి పసుపు కార్డు తీసింది. దాన్ని చాలాసేపు చూసింది.

"రెండు రంగుల సిరా ఎందుకు?" అంది.

పాతిక మంది ముందు అడిగింది.

"నిజంలా కనపడాలని."

ఆమె కార్డు మూసింది. జిర్సాంగి చేతిలోని సంతకం కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. "గురువారం లేదు. కోత డాక్టరుగారితో నేను మాట్లాడతాను. రెండు వారాలు ఈ బిళ్ళలు బంద్. మంటకి తెల్ల సిరప్ ఇస్తాను, అదొక్కటే తాగాలి. మళ్ళీ గొట్టం వేసి చూద్దాం." దార్కుంగి వైపు తిరిగింది. "మీరు దిండు కింద ఇంకేమైనా దాచారా?"

దార్కుంగి దుప్పటి కిందనుంచి తుయిబుర్ సీసా తీసి ఇచ్చింది.

ఎవరూ నవ్వలేదు. జిర్సాంగి నా వైపు చూడలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా చూడలేదు.

వరండాలో డాక్టర్ నాతో మాట్లాడింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"మంట బిళ్ళ ఒక్కటే ఏళ్ళ తరబడి ఇస్తే ఏమవుద్దో మీకు తెలుసా? కడుపులో యాసిడ్ తగ్గిపోద్ది. నోట్లో ఉండాల్సిన క్రిములు దిగివచ్చి అక్కడ కాపురం పెడతాయి. అసలు క్రిమి అక్కణ్ణుంచి జరిగి పైభాగంలో దాక్కుంటుంది. మేం కింద గిల్లి, ఏమీ లేదని రాస్తాం. దానికి తోడు నాలుగు రోజుల యాంటీబయాటిక్. ఎవరి కడుపులో క్రిమి ఏం నేర్చుకుందో నాకిప్పుడు తెలీదు. కొందరికి ఆ మందు ఇక పనిచెయ్యకపోవచ్చు. ఆ నలభై రెండు పేర్లు ఎక్కడున్నాయి?"

"ఎక్కడా రాయలేదు."

"మరి?"

"నాకు గుర్తున్నాయి."

*

గురువారం ఉదయం తొమ్మిదింటికి, దార్కుంగి కడుపు మీద కత్తి పెట్టాల్సిన సమయానికి, నేను సంఘం గదిలో మైకు ముందు కూర్చున్నాను. థన్‌చుంగా తనే చదువుతానన్నాడు. ఒప్పుకోలేదు.

ఏం చేశానో నాలుగు వాక్యాల్లో చెప్పాను. తర్వాత పేర్లు. మొదట నాది. కొండవాలంతా వినపడింది. ఎదురు కొండకి తగిలి నా గొంతు నాకే తిరిగొచ్చింది. అందరూ ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలని, నా పొట్లాలు పారేయాలని చెప్పి మైకు ఆపాను.

పదహారు రోజుల తర్వాత దార్కుంగికి మళ్ళీ గొట్టం వేశారు. ఈసారి రెండు చోట్ల గిల్లారు. సైజామి నన్ను లోపలికి పిలిచింది. పసుపు జిగురులో ముక్క వేసి, గడియారం చూసుకుంటూ నిలబడింది. పది నిమిషాలకి అంచు రంగు తిరిగింది. ఇరవై నిమిషాలకి మొత్తం గులాబీ రంగు.

"చూడండి," అంది. నేను చూశాను.

వారం తర్వాత కణాల రిపోర్టు వచ్చింది. అదంతా క్రిమి పెట్టిన మంటే. కేన్సర్ గుర్తులు లేవు. కోత డాక్టరు తన పుస్తకంలో దార్కుంగి పేరు కొట్టేశాడు. ఆమె కడుపు మొత్తం ఆమెకే మిగిలింది.

మందు మార్చారు. పాతది నమ్మడానికి లేదు. నాలుగు రకాలు, రోజుకి నాలుగుసార్లు, పధ్నాలుగు రోజులు. నాకు కూడా అదే. అందులో బిస్మత్ ఉంటుంది. అది నాలుకని నల్లగా చేస్తుంది. ప్రమాదమేం లేదు, మందు ఆపాక పోతుంది. కానీ ఉన్నన్నాళ్ళు మసిగుడ్డ నమిలినట్టు ఉంటుంది. మాట్లాడితే కనపడుతుంది. పాడితే ఇంకా బాగా కనపడుతుంది.

ఉపాగా తప్పుకుంటానని పాస్టరుగారికి ఉత్తరం ఇచ్చాను. పెద్దలు కూర్చుని ఆలోచిస్తామన్నారు. శాలువా మడిచి థన్‌చుంగా ఇంటికి తీసుకెళితే, ఇంట్లో లేడని చెప్పించాడు. లోపల అతని దగ్గు వినపడుతూనే ఉంది.

నన్ను ఎవరూ తిట్టలేదు. టీ కొట్లో నాకు ఇదివరకులాగే చోటిచ్చారు. ఎవరి మాటల్లోనూ ఆ సంగతి రాలేదు. ఎంత జాగ్రత్తగా రానివ్వలేదో నాకు తెలుసు. ఒక్కడైనా మొహం మీద ఉమ్మితే తుడుచుకుని ఇంటికెళ్ళేవాణ్ణి.

అసలు సంగతి డాక్టర్ చెబితే గాని తెలియలేదు. నలభై రెండు మందిలో ముప్పై ఒక్కరే పరీక్షకి వచ్చారు.

"మిగతా పదకొండు మంది ఎందుకు రాలేదు?" అని దార్కుంగిని అడిగాను. రోజూ ఉదయం ఆమె ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఆమె మింగడం చూసి టిక్ పెడుతున్నాను. ఒకే పెన్నుతో. నేను మింగడం ఆమె చూస్తుంది. జిర్సాంగి నేను వచ్చే వేళకి స్కూలుకి వెళ్ళిపోతుంది.

"ఎందుకొస్తారు?" అంది దార్కుంగి. "వస్తే ఉపా మమ్మల్ని పాడుచేశాడు అని చెప్పినట్టేగా. మందు బానే పనిచేసింది, మాకేం లేదు అంటున్నారు. నీ పరువు కాపాడుతున్నారు."

అప్పుడు నాకు కళ్ళ ముందు చర్చి హాలు కనపడింది. బల్ల మీద ఒక్కొక్కటిగా తిరిగొస్తున్న డబ్బాలు. వాళ్ళు ఇంకా పెడుతూనే ఉన్నారు. ఈసారి డబ్బాలు కాదు, కడుపులు.

"లే," అన్నాను.

"ఎక్కడికి?"

"థన్‌చుంగా ఇంటికి. పదకొండు మందిలో మొదటివాడు వాడే. నేనొక్కణ్ణే వెళితే ఇంట్లో లేడని చెప్పిస్తాడు."

మందు మొదలుపెట్టి అది తొమ్మిదో రోజు. దార్కుంగి నడుముకి పువాన్ గుడ్డ బిగించి కట్టుకుని, మెట్ల మీద నాకన్నా ముందు నడిచింది. థన్‌చుంగా వాకిట్లో కూర్చుని డోలు తోలు బిగిస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. దార్కుంగి వాకిలికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? కూర్చో."

"నాకేం మంట లేదు పి దార్కుంగీ. ఉపా ఇచ్చిన మందుకే తగ్గిపోయింది. ఆ మాట ఎవరినైనా అడుగు." మాట్లాడుతూనే చేత్తో పొట్ట పైభాగం నొక్కుకున్నాడు. మూడేళ్ళుగా నేను చూస్తున్న చెయ్యి అది.

"నా మందుకి తగ్గలేదు," అన్నాను. "తగ్గిందని నువ్వు అంటున్నంతకాలం నేను రోజూ టిక్ పెడుతున్నట్టే థన్‌చుంగా. ఆ కార్డు ఇంకా మూయనివ్వట్లేదు నువ్వు. నా కోసం ఏమన్నా చెయ్యాలనుంటే నన్ను తిట్టు. తిట్టి ఆసుపత్రికి రా."

అతను డోలు తోలు ఇంకో చుట్టు బిగించాడు.

"ఉపా, నాలుక చూపించు," అంది దార్కుంగి.

"ఏంటి?"

"చూపించు."

వీధిలో జనం ఉన్నారు. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళ క్యాన్లతో ఆగిపోయారు. అరవై నాలుగేళ్ళ చర్చి పెద్దని. పట్టపగలు, థన్‌చుంగా వాకిట్లో, నోరు తెరిచి నాలుక బయటపెట్టాను. దార్కుంగి కూడా పెట్టింది. ఇద్దరం అలాగే నిలబడ్డాం.

థన్‌చుంగా ఆమెది చూశాడు, నాది చూశాడు. మళ్ళీ నాదే చూశాడు.

"నీది మరీ నల్లగా ఉంది ఉపా," అన్నాడు.

"ఉంటుంది," అన్నాను.

అతను డోలు పక్కన పెట్టి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.